కొత్తవలస నుండి ప్లేజాన్స్ వరకు



ముంబయి విమానాశ్రయపు గాజుగోడ కావల, ఇంకను తెల్లవాఱని వేళ, దీపకాంతిలో నిలిచియున్న విమానపు తోకమీద ఒక పక్షి బొమ్మను చూచితిని. సన్నని దేహమునకు వెనుక రెండు పొడవైన ఈకలు సాగియుండు ఆ సముద్రపక్షిని ఫ్రెంచి భాషలో ‘పాయ్ ఆన్ క్యూ’ అందురు. తోకలో గడ్డిపరక గలది యని ఆ మాటకు అర్థము. కొండచరియల నెఱ్ఱెలలో గ్రుడ్లు పెట్టు ఈ పక్షికి కాళ్ళు దేహమునకు మిక్కిలి వెనుకగా అమరియుండుటచేత నేలమీద నడక చేతకాదు. ఱొమ్ముతో ప్రాకులాడుచు నాలుగడుగులు పోగలదు గాని, దాని బ్రదుకంతయు గాలిలోనే గడచును. మారిషస్ దేశీయులు తమ జాతీయ విమానసంస్థయైన ఎయిర్ మారిషస్‌కు దీనినే చిహ్నముగా ఏర్పరచుకొనిరి. పొడవున సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పున సుమారు 45 కిలోమీటర్లు మాత్రమే గల భూమిమీద, ఏ దిక్కునకు నడచినను సముద్రము అడ్డు వచ్చు జనులు ఇంతకంటె ఉచితమైన గుర్తును ఎన్నుకొనియుండజాలరని నా తలంపు.

విమానపు ముక్కు చెంత చిన్న అక్షరములలో మఱియొక పేరు వ్రాయబడియుండెను. విమానములకు పేళ్ళు పెట్టు అలవాటు పెక్కు సంస్థలకు కలదు. ఈ సంస్థవారును 2017లో తెచ్చుకొన్న రెండు పెద్ద విమానములకు తమ ద్వీపమందలి కొండల పేళ్ళు, లె మార్న్ బ్రబాన్ అనియు, పీటర్ బోత్ అనియు పెట్టుకొనిరి. కాని 2019లో వచ్చిన ఎయిర్‌బస్ విమానమునకు వారు పెట్టిన పేరు ‘ఆప్రవాసీ ఘాట్’. నేను ఎక్కబోవుచున్నది ఆ విమానమే యని తెలిసిన పిమ్మట బోర్డింగ్ పాస్ చేతబట్టుకొని వరుసలో కదలక నిలిచిపోతిని. వెనుకనున్న పెద్దమనిషి మెల్లగా భుజము తట్టవలసివచ్చెను.

ఆప్రవాసీ ఘాట్ అనగా పోర్ట్ లూయీ నగరపు రేవున నల్లని రాతికట్టడముల నడుమ నీటి అంచునుండి పైకి వచ్చు కొన్ని మెట్లు. బానిసత్వము రద్దగుచు, చెఱకుతోటలలో పనిచేయువారు కరవైనప్పుడు, ఆంగ్లప్రభుత్వమువారు ఒడంబడిక కూలీలను భారతదేశమునుండి తెప్పింప నారంభించిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో 36 మంది వచ్చిరి. నాటినుండి 1920 వఱకు ఆ దేశమునకు చేరినవారు ఇంచుమించు ఐదు లక్షలమంది. వారిలో కొందఱు అచ్చటినుండి మఱల ఆఫ్రికాకును, ఇతర ద్వీపములకును తరలింపబడిరి. ఐదేండ్ల ఒడంబడిక, నెలకు ఐదు రూపాయల జీతము, మెడలో నొక సంఖ్య. ఆ రాతిమెట్లు ఎక్కి వచ్చినవారికి ఇంతే ఆస్తి. 2006లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. అవమానముతో ఎక్కిన మెట్ల పేరును ఆకాశమున ఎగురు వాహనమునకు పెట్టుకొన్న జాతి హృదయమును గూర్చి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ వచ్చినవారిలో మనవారును కలరు. గోదావరి నోట కాకినాడకు దాపున నున్న కోరంగి రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరుపొందినది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ పట్టణమును తుడిచిపెట్టినంత పనిచేసినది. అటు పిమ్మట నాలుగేండ్లకు, 1843లో, ఆ రేవు పేరే ధరించిన ‘కోరంగి ప్యాకెట్’ అను ఓడ తెలుగు కూలీలను మారిషస్ చేర్చినది. విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములనుండి బయలుదేఱిన యా పల్లెజనులు వారములకొలది నీటిమీద గడిపి, ఏ దిక్కున తమ యూరున్నదో చేయి చాపి చూపజాలని స్థితిలో ఒడ్డున దిగిరి. నేటికిని ఆ దేశమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. అమ్మోరి పండుగయు, సింహాద్రి అప్పన్న పూజయు, రామభజనమును వారు విడువలేదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినదియు ఆ ద్వీపముననే.

ఇక విమానములోనికి పోవుదము. నా ప్రక్క సీటులో కూర్చున్న ముసలమ్మకు డెబ్బదియేండ్లు దాటియుండును. నూలుచీర, మోచేతులు దాటిన రవిక, తలపై పల్చని ఉన్నిశాలువ. కాళ్ళకడ పెట్టుకొన్న సంచిలో ఒక చదరపు రేకుడబ్బా. మాటిమాటికి వంగి అది ఉన్నదో లేదో తడవి చూచుకొనుచుండెను. విమానము పైకి లేచి, బెల్టు విప్పుకొనవచ్చునని సూచన వెలిగిన తరువాత, ఆమె ఆ డబ్బా తీసి మూత తెఱచెను. నేతివాసనయు, పచ్చకర్పూరపు వాసనయు గుప్పున వచ్చినవి. తిరుపతి లడ్డు! ఆమె దానిలో చిన్న తునక త్రుంచి, కాగితపు రుమాలులో పెట్టి నా చేతికిచ్చి, “తీసుకో బాబూ, దేముడి పెసాదం” అనెను.

నేను ఉలికిపడి, “అమ్మా, మీరు తెలుగువారా?” అని యడిగితిని.

“మాది మోరిస్ బాబూ. పాటలు వొచ్చు, పూజ వొచ్చు. మాటలు కొంచెం కొంచెం వొస్తాయి,” అని ఆమె ఒక్కొక్క మాటను మూటనుండి తీసి ఆరబెట్టుచున్నట్లు పలికెను. వారింటిలో వాడుకభాష క్రియోల్. ఫ్రెంచి మాటలు నానాజాతుల నాలుకలమీద అరిగి క్రొత్తరూపు దాల్చిన యా భాషయే ఆ దేశజనులందఱికిని ఉమ్మడి. తెలుగు ఆమెకు భజనమందిరమున, పండుగలలో, తాతమ్మ ఒడిలో మిగిలిన భాష. అందుచేతనే కాబోలు, ఆమె నోట ఒక్క ఆంగ్లపదమును దొరలలేదు. తెలుగు రానిచోట క్రియోల్ పలికినది, రెండును చాలనిచోట నవ్వినది.

అంతలో ట్రాలీ త్రోసికొనుచు ఎయిర్ హోస్టెస్ వచ్చి ఏమి త్రాగుదురని యడుగగా, ముసలమ్మ “డిలో” అనెను. డిలో అనగా నీళ్ళు. ఫ్రెంచి మాట క్రియోల్‌లో అట్లు మాఱినది. నీళ్ళగ్లాసు అందించుటకు వంగిన ఆ పిల్ల యెదపై నున్న పేరుపలకను చదివి, ఇదియేమి వింత యని మరల చదివితిని. ఫ్రెంచి వర్ణక్రమము తొడిగికొన్న యా యింటిపేరు మన సింహాచలస్వామిది. విశాఖ ప్రాంతమున ఇంటింటను ఒక అప్పన్నయో, సింహాద్రియో, సన్యాసియో ఉండుట మనకు తెలిసినదే. నాడు రేవులో కూర్చున్న గుమాస్తా, ఎదుట నిలిచిన కూలివాడు పలికిన పేరును తన చెవికి దోచినట్లు వ్రాసికొనగా, వాని ఒంటిపేరు మనుమల కాలమునకు ఇంటిపేరై స్థిరపడినది. ఫ్రెంచి సాహిత్యమున నేడు ప్రసిద్ధురాలైన నతాషా అప్పన్న మారిషస్‌లో తెలుగు మూలముగల కుటుంబమున పుట్టిన రచయిత్రి. ఆమె మొదటి నవల, 2003లో వెలువడినది, ఈ ఒడంబడిక కూలీల కథయే. సింహాచలము కొండమీది స్వామి పేరు పారిస్ పుస్తకముల అట్టలమీదికి ఎక్కినదన్నమాట.

ఈ విమానసంస్థ పుట్టుక కూడ ఇటువంటి పలుదేశముల కూడికయే. దేశమునకు స్వాతంత్ర్యము 1968 మార్చి 12న వచ్చినది. సంస్థ అంతకు తొమ్మిది నెలల ముందే, 1967 జూన్ 14న, ఆ ప్రభుత్వమును, ఫ్రాన్సు బ్రిటనుల విమానసంస్థలును భాగస్థులుగా స్థాపింపబడినది. జెండా ఎగురుటకు పూర్వమే రెక్కలు కొలతలు తీసికొన్నవి! ఐనను మొదటి ఐదేండ్లు దానికి సొంతమని చెప్పుకొనుటకు ఒక్క విమానమైనను లేదు. ఎయిర్ ఫ్రాన్సు, ఎయిర్ ఇండియా, బ్రిటిషువారి విమానములే దాని పనిని సాగించినవి. 1972లో పొరుగుననున్న మడగాస్కరునుండి ఆరు సీట్ల చిన్న విమానమును అద్దెకు తెచ్చుకొని, తన రాజ్యములోనిదే యైన రోడ్రిగ్స్ ద్వీపమునకు నడపనారంభించినది. మఱుసటి యేట బ్రిటిషువారి విమానము నద్దెకు గొని నైరోబీ మీదుగా లండనుకు దారి తెఱచినది. ఆరుగురు పట్టు విమానముతో మొదలుపెట్టినవారు దూరపు లండనుకన్న ముందుగా తమ చిన్న చెల్లెలివంటి ద్వీపమును తలచుకొనిరి. ఈ క్రమమే నాకు ఆ సంస్థపై గౌరవమును కలిగించినది.

సంపన్నదేశములలోని ఆర్థికవేత్తలు కొందఱు, ఇంత చిన్న దేశమునకు సొంత విమానసంస్థ ఏల, నష్టము వచ్చినప్పుడు మూసివేసి పొరుగువారి విమానములు ఎక్కరాదా యని వాదింతురు. లెక్కలలో వారిది తప్పని నేననను. పండ్రెండు లక్షల పైచిలుకు జనాభా గల దేశమున విమానములు నిండుట కష్టమే. ఇంధనము ఖర్చు, విమానముల అద్దె, విదేశీ ద్రవ్యముననే చెల్లింపవలసిన బాకీలు, ఇవన్నియు చిన్న ఖజానాకు పెద్ద బరువులే. 2020లో మహమ్మారి ప్రపంచమున విమానములలో పెక్కింటిని నేలమీదికి దింపినప్పుడు ఈ సంస్థయు ఆ యేటి ఏప్రిలులో దివాలా నివారణ నిర్వాహకుల చేతిలోనికి పోవలసివచ్చినది. ప్రభుత్వ ధనసాహాయ్యముతో మఱుసటి సంవత్సరము బయటపడినది. అది కేవలము ప్రతిష్ఠకొఱకు చేసిన వ్యయమని అనుకొనువారు నౌరు దేశపు గతిని ఒకసారి స్మరింపవలెను. పసిఫిక్ మహాసముద్రమున 21 చదరపు కిలోమీటర్ల యా దేశము, ఫాస్ఫేటు సంపద యున్నకాలమున పలు విమానములు నడపి, సంపద తఱిగి అప్పులపాలై, 2005 డిసెంబరులో మిగిలిన ఒక్కగానొక్క బోయింగును ఋణదాతలకు అప్పగించుకొన్నది. ఒక్క విమానము పోవుటతో ఒక దేశమునకు ఆకాశపు వాకిలి కొంతకాలము మూతపడినంత పనియైనది. మనకు బస్సు రాకున్న లారీ యున్నది, లారీ రాకున్న కాలిదారి యున్నది. వారికి అట్టి వేఱు దారి లేదు. పరదేశపు విమానములు యాత్రికుల కాలమున గుంపులుగా వచ్చును, లాభము తఱిగిననాడు మఱియొక దారి చూచుకొనును. వానిని తప్పుపట్టుట న్యాయము కాదు, అది వాని ధర్మము. తుపాను వెలసిన మఱునాడు మందులతోను, ఉత్తరములతోను వచ్చుటకు బద్ధమైనది తన యింటి విమానమొక్కటే. ఈ విషయమున నా పక్షపాతము నేను దాచుకొనను.

మారిషస్‌లో దిగు వేళకు వాచీని గంటన్నర వెనుకకు త్రిప్పుకొంటిమి. మబ్బులు చీలి, మొదట తెల్లని నురుగుగీత, అది పగడపుదిబ్బలపై అలలు విఱుగు చోటు. దానికి ఈవల లేత ఆకుపచ్చ నీరు, అటుపై చెఱకుతోటలు. తోటల నడుమ అక్కడక్కడ నల్లరాళ్ళ పోగులు శివాలయ శిఖరములవలె పొడచూపినవి. అవి గుళ్ళు కావు. అగ్నిపర్వతపు శిలలు నిండిన యా నేలను దున్నుటకు పూర్వము కూలీలు వట్టి చేతులతో ఏఱి పేర్చిన కుప్పలు. ముసలమ్మ కిటికీవైపు వంగి, వానిని వ్రేలితో చూపి, “మా వోళ్ళే బాబూ, మా వోళ్ళే” అనెను. ప్లేజాన్స్ విమానాశ్రయము, రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు కట్టినది, నేడు ఆ దేశపు తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ పేరు ధరించియున్నది.

రెండు దినముల పిదప నేను అదే సంస్థ విమానమున రోడ్రిగ్స్‌కు పోయితిని. ఇది చక్రములవంటి పంకాలు త్రిప్పుకొనుచు పోవు ఏటీఆర్ విమానము, డెబ్బదిమంది పట్టుదురు, 560 కిలోమీటర్ల దూరము గంటన్నర. ఓడలో ఐనచో ఒక రోజునకు పైగా పట్టును. విమానము లోపల మన పల్లెబస్సు వాతావరణమే. ఒకరి నొకరు ఎఱుగనివారు లేరు. ముందువరుసలో ఒకామె పసిబిడ్డను ఒడిలోనుంచుకొని పెద్దాసుపత్రి కాగితములను ప్లాస్టిక్ సంచిలో భద్రముగా పట్టుకొనియుండెను. వైద్యము ముగించుకొని యింటికి పోవుచున్నదట. విమాన సిబ్బందిలో నొకరు నడవలో పోవుచు, అడుగకయే, ఆ బిడ్డ దుప్పటి సర్ది పోయిరి. పెద్ద విమానములలో పట్టుచొక్కాల మర్యాదను నేను చూచియున్నాను. ఈ సర్దుబాటు ఏ శిక్షణలోను నేర్పునది కాదు.

రోడ్రిగ్స్ 108 చదరపు కిలోమీటర్ల ద్వీపము. దాని చుట్టు నున్న పగడపు తటాకము నేలకు రెట్టింపు వైశాల్యము గలది. రన్‌వే ద్వీపపు కొసనే, నీటి చెంతనే యుండుటచేత, దిగునప్పుడు చక్రములు అలలనే తాకునా యని భ్రమ కలుగును. తిరుగు ప్రయాణమున సామానుల తూకము చోట చూడవలసిన వేడుక యున్నది. నిమ్మకాయల పచ్చడి సీసాలు, చిన్న ఘాటుమిరప కారము, తేనె, తీగలమీద ఆరవేసిన ఆక్టోపస్ ఎండుతునకలు, ఇవన్నియు అట్టపెట్టెలలో, పురికొస చుట్టలతో, పేళ్ళు వ్రాసి. పచ్చడిని వారు ‘అషార్’ అందురు. మన ఉత్తరాదివారి అచార్ ఓడలెక్కి ఎంత దూరము పోయినదో చూడుడు. తూకము కిలోన్నర మించెనని తేలగా, ఒక యువకుడు పెట్టె విప్పి రెండు సీసాలు తీసి, వరుసలో వెనుకనున్న ఎవరో అపరిచితుని చేతికిచ్చి, ఆవల దిగినప్పుడు తీసికొందుననెను. ఆయన మాఱుమాట లేక సంచిలో వేసికొనెను. ప్లేజాన్స్‌లో సామానుల పట్టీ ప్రక్కన ఆ సీసాలు చేతులు మాఱుట నేను నిలిచి చూచితిని.

ఇంతవఱకు చెప్పక యుంచిన విషయ మొక్కటి యున్నది. ముంబయినుండి పోవు విమానమున, భోజనములై దీపములు తగ్గించిన పిమ్మట, ముసలమ్మ ఆ రేకుడబ్బా అడుగునుండి ప్లాస్టిక్ తొడుగులోనున్న కాగితము తీసి నా చేతబెట్టెను. మోకా అను ఊరనున్న మహాత్మాగాంధీ సంస్థలో నాటి కూలీల పట్టికలు భద్రపఱచియున్నారు. వంశీయులు అడిగినచో నకలు ఇత్తురు. ఇది ఆమె ముత్తాతగారి నకలు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు ఇరువది రెండు, ఎత్తు, ఎడమ కనుబొమపై మచ్చ, 1874లో మద్రాసు రేవున ఓడనెక్కినట్లు గుఱుతు. మండలము విశాఖపట్టణము. తాలూకా అను గడిలో సిరా చెదరి, నల్లని మఱక మాత్రమే మిగిలినది. గ్రామమను గడిలో ఫ్రెంచివాడో ఆంగ్లేయుడో వ్రాసినది చదువబోగా మొదట ‘కోటావల్సా’ అనిపించినది.

“సదువు బాబూ, గట్టిగా సదువు,” అని ఆమె చెవి దగ్గరగా తెచ్చెను. నేను కోటవలస యని చదివితిని, ఆమె తల యూపలేదు. కొత్తవలస యని చదివితిని, కన్నులు మూసికొనెను. ఆ మాట ఆమె వినియున్నదో లేదో నేను చెప్పజాలను. వలస యన్నమాటకు మన భాషలో అర్థమేమో తెలియజెప్పగా ఆమె చాలసేపు మాటాడలేదు. ఊరు విడిచి క్రొత్తగా వలసవచ్చినవారు కట్టుకొన్న ఊరునుండియే ఆమె యింటిపెద్ద మఱల వలసపోయినాడు.

కాని శ్రోతలారా, మన ఉత్తరాంధ్రమున కొత్తవలసలు ఒకటి కావు. విజయనగరము ప్రాంతమున రైలు జంక్షను గల కొత్తవలస యున్నది. పార్వతీపురము వైపు, శ్రీకాకుళము వైపు ఆ పేరుగల పల్లెలు ఇంకను కలవు. ఆమెకు తాతమ్మ చెప్పిన గుఱుతు ఒక్కటియే మిగిలినది: ఊరికి తూరుపున జంటకొండలు, వాని నడుమ ప్రొద్దు పొడుచును. వచ్చు ఏడు ఉగాది దాటిన పిమ్మట ఆమె మరల వచ్చునట. ఈసారి తిరుపతికి కాదు, ఏ యూరో తెలిసినచో ఆ యూరికి, ఆ పక్షి బొమ్మ గల విమానముననే. కావున ఈ ప్రసంగము వినుచున్న మీలో ఎవరి కొత్తవలసకైనను తూరుపున జంటకొండలున్నచో, మీ యింట ఎవరైన ముసలివారు, కనుబొమపై మచ్చగల ఒక పడుచువాడు ఓడ యెక్కి మఱల రాలేదని చెప్పగా విన్నవారున్నచో, దయయుంచి ఈ ఆకాశవాణి కేంద్రమునకు ఒక కార్డు ముక్క వ్రాయుడు. నేను ఆమెకు అందజేసెదను.